నాలా అయితే సరిపోదు: పాలమూరులో అపార్ట్‌మెంట్ కట్టే ముందు భూ వినియోగ మార్పు, పర్యావరణ అనుమతి

"నాలా గూడ అయిపోయింది సార్, ఇంకేం గావాలె?"

మహబూబ్‌నగర్‌లో మా ఆఫీసు మెట్లెక్కి వచ్చేవాళ్లలో చాలామంది మొదటి మాట ఇదే. చేతిలో నాలా ప్రొసీడింగ్స్ ప్రింటు, ఫోన్‌లో ఆర్కిటెక్ట్ పంపిన రంగురంగుల ఎలివేషన్. నేను అడిగేది ఒక్కటే: "ఆ సర్వే నంబరు మాస్టర్ ప్లాన్‌లో ఏ జోన్‌లో ఉంది?" అంతే, ఎలివేషన్ ఉన్న ఫోను మెల్లగా జేబులోకి పోతుంది.

గందరగోళమంతా ఇక్కడే. నాలా అంటే ఈ భూమిలో ఇక సాగు లేదని రెవెన్యూ రికార్డులో రాయించుకోవడం. భూ వినియోగ మార్పు అంటే పట్టణ మాస్టర్ ప్లాన్‌లో ఆ స్థలానికి వేసిన రంగు మార్పించడం. భవన అనుమతి మీ ప్లాన్‌కు, పర్యావరణ అనుమతి మీరు కట్టేదాని వల్ల నీరు, గాలి, నేల మీద పడే భారానికి. నాలుగూ వేర్వేరు చట్టాల కింద వేర్వేరు ఆఫీసులు ఇచ్చేవి. ఒకటి చేతిలో ఉందని ఇంకోటి వదిలేస్తే ఫైలు ఎక్కడో ఒక చోట ఆగుతుంది. బ్యాంకు లోను తీసుకున్నాక ఆగితే ఆ టెన్షన్ మామూలుగా ఉండదు.

చెప్పేది గాలిలో ఉండకుండా ఒక ఊహాత్మక ప్రాజెక్టు పట్టుకుని నడుద్దాం. భూత్పూర్ రోడ్డు వైపు 2 ఎకరాల 20 గుంటలు, అంటే సుమారు 10,117 చదరపు మీటర్లు. కార్లు నిలపడానికి స్తంభాల మీద ఖాళీగా వదిలే స్టిల్ట్, దాని మీద అయిదంతస్తులు, 160 ఫ్లాట్లు, ఒక్కోటి సగటున 115 చదరపు మీటర్లు.

ముందు నేల పుట్టుపూర్వోత్తరాలు

ఆర్కిటెక్ట్‌కు అడ్వాన్సు ఇవ్వకముందే చేయాల్సిన పని ఇది. 1954-55 ఖాస్రా పహాణీ నుంచి ఇప్పటి రికార్డు దాకా వరుసగా తీయించండి. సేత్వార్ (తొలి సర్వే రికార్డు), టిపన్ (సర్వే నంబరు కొలతల పటం), గ్రామ నక్షా కూడా కావాలి. రిజిస్ట్రేషన్ ఆఫీసులో కనీసం 30 ఏళ్ల ఈసీ తీయండి. ఇక్కడ ఒక మాట: మన దగ్గర ఈసీ అంటే రెండు. రిజిస్ట్రేషన్ వాళ్ల ఈసీ భూమి మీద లావాదేవీల చిట్టా, పర్యావరణం వాళ్ల ఈసీ అనుమతి పత్రం. ఫోన్‌లో "ఈసీ వచ్చింది సార్" అంటే ఏ ఈసీయో అడిగి తెలుసుకోండి. ఈ ఒక్క మాట మీద పార్ట్‌నర్లు వారం రోజులు పొరబడటం నేను చూశాను.

సర్వే నంబరు రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ కింద రిజిస్ట్రేషన్ ఆపేసిన నిషేధిత జాబితాలో ఉందా, అసైన్డ్ భూమా, ఇనామా, వక్ఫా చూడండి. నల్లగొండ వైపు అయితే భూదాన్ కోణం కూడా తప్పనిసరిగా చూడాలి. 1951లో వినోబా భావే పోచంపల్లిలో మొదలుపెట్టిన భూదాన ఉద్యమం అప్పటి నల్లగొండ జిల్లాలోనే పుట్టింది, ఆ భూముల గొడవలు ఇప్పటికీ రికార్డుల్లో నలుగుతూనే ఉన్నాయి.

అన్నిటికంటే ఎక్కువ మందిని ముంచేది శిఖం. శిఖం అంటే చెరువు కడుపు. అందులో కొంత ప్రభుత్వానిది, కొంత పట్టా కూడా ఉంటుంది. శిఖం పట్టా ఉన్నవాళ్లు నీళ్లు తగ్గినప్పుడు పంట వేసుకోవచ్చు గానీ ఇల్లు కట్టడానికి లేదు. పట్టా పాస్‌బుక్ చూసి కొన్నవాళ్లకు ఈ సంగతి ప్లాను పెట్టేదాకా తెలియదు.

అందుకే కాగితాలతో ఆగకుండా ఒకసారి ఊళ్లోని పెద్దమనిషిని వెంటబెట్టుకుని స్థలం తిరగండి. మేం ఒక స్థలం చూడటానికి పోయినప్పుడు నక్షాలో చెరువు దూరంగానే కనబడింది. పక్క చేనులో గొర్లు మేపుతున్న తాత మాత్రం తలపాగా సర్దుకుని, ఒక తుమ్మచెట్టు చూపించి, "పెద్దవాన కొడితే నీళ్లు గా చెట్టు మొదలు దాక వస్తయి బిడ్డా, మీరు నిలబడ్డది అలుగు తొవ్వ" అన్నాడు. మేం నిలబడిన చోట మట్టి చుట్టుపక్కల ఎర్రచెలకలా కాకుండా నల్లగా, పగుళ్లు తేలి ఉంది. తర్వాత సర్వేయర్ లెవెల్స్ తీస్తే తాత మాటే నిలిచింది. ఆ స్థలం కొనలేదు.

2012 ఏప్రిల్ 7 నాటి భవన నిబంధనల జీవో 168లో దూరాలు స్పష్టంగా ఉన్నాయి. 10 హెక్టార్లు, అంతకంటే పెద్ద చెరువైతే ఎఫ్‌టీఎల్ గీత, అంటే చెరువు పూర్తిగా నిండితే నీరు నిలిచే హద్దు, నుంచి 30 మీటర్లు బఫర్‌గా కట్టకుండా వదలాలి. అంతకంటే చిన్న కుంటైతే 9 మీటర్లు. వాగు, కాలువ, వాననీటి నాలా వెడల్పు 10 మీటర్లు దాటితే 9 మీటర్లు, 10 లోపైతే 2 మీటర్లు. ఎఫ్‌టీఎల్ లోపల కట్టడమనే మాటే లేదు. దూరం కొలవాల్సింది ఎండాకాలంలో కనబడే నీటి అంచు నుంచి కాదు, ఎఫ్‌టీఎల్ నుంచి. ఆ గీత ఎక్కడుందో చెప్పాల్సింది నీటిపారుదల శాఖ, రెవెన్యూ శాఖ. చుట్టుపక్కల చెరువు, కుంట, వాగు ఏది ఉన్నా వాళ్ల నుంచి ఎన్‌ఓసీ, దానితోపాటు కోఆర్డినేట్లున్న స్కెచ్ తీసుకోండి. స్కెచ్ లేని ఎన్‌ఓసీ సగం ఎన్‌ఓసీయే.

జోన్ తెలుసుకోవడం, మార్పించుకోవడం

నేల మీద నమ్మకం కుదిరాక భూ వినియోగ ధ్రువపత్రానికి అప్లై చేయండి. మహబూబ్‌నగర్‌లో స్థలం ఎక్కడుందనే దాన్ని బట్టి కార్పొరేషన్ టౌన్ ప్లానింగ్ విభాగమో, మహబూబ్‌నగర్ పట్టణాభివృద్ధి సంస్థ (ముడా) ఆఫీసో ఇస్తుంది. ఊరి పరిధి, దానితోపాటు ఆఫీసు మారుతూ ఉంటాయి కాబట్టి మీ సర్వే నంబరు ఈ రోజు ఎవరి కింద ఉందో ముందు అడగండి. మహబూబ్‌నగర్ మున్సిపాలిటీ కార్పొరేషన్ అయింది 2025లోనే.

ఆ పత్రంలో రెండు విషయాలు వెతకాలి. మొదటిది జోన్. నివాస జోన్ అయితే అదృష్టం, నేరుగా తర్వాతి భాగానికి పొండి. రెండోది ప్రతిపాదిత రోడ్లు. ఇది చాలామంది చూడరు. ఒక ఫైలులో నేనే తప్పు చేశాను. జోన్ పసుపు రంగులో కనబడగానే సంబరపడి ముందుకు పోయాను. స్థలం ఈశాన్య మూలను కోసుకుంటూ పోయే మాస్టర్ ప్లాన్ రోడ్డు గీత సన్నగా ఉంది, కంటికి ఆనలేదు. సెట్‌బ్యాకులన్నీ మళ్లీ గీయాల్సి వచ్చింది, ఒక బ్లాకులో వరుసగా ఫ్లాట్లు పోయాయి. ఓనరు నాతో రెండు నెలలు సరిగ్గా మాట్లాడలేదు. న్యాయమే.

జోన్ వ్యవసాయమో, పరిశ్రమో అయితే మార్పుకు దరఖాస్తు పెట్టాలి. యాజమాన్య పత్రాలు, సర్వే స్కెచ్, మాస్టర్ ప్లాన్ ముక్క మీద మీ స్థలం గుర్తించిన పటం, అప్రోచ్ రోడ్డు వెడల్పు, చుట్టుపక్కల ఇప్పుడు ఏమున్నాయో చూపించే పటం జతచేయాలి. స్థానిక సంస్థ లేదా ముడా వాళ్లు వచ్చి చూసి తమ అభిప్రాయం రాస్తారు. ఫైలు పట్టణ, గ్రామీణ ప్రణాళికా శాఖ (డీటీసీపీ) సాంకేతిక పరిశీలన మీదుగా పురపాలక శాఖకు పోతుంది. ప్రభుత్వానికి సరే అనిపిస్తే గెజిట్‌లో ముసాయిదా ప్రకటన వేసి, అభ్యంతరాలకు 15 రోజులు గడువిస్తుంది. ఆ తర్వాత చార్జీలు కట్టించుకుని తుది జీవో ఇస్తారు. నిర్ణయం ఊళ్లో కాదు, హైదరాబాద్‌లో. వారాల్లో అయిపోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి, నెలల్లో లెక్క వేసుకోండి.

ఫైలు బతికేది, చచ్చేది ఎక్కువగా తనిఖీ రిపోర్టు దగ్గరే. తనిఖీకి వచ్చిన ఆఫీసరు టేపు పట్టేది ముందుగా రోడ్డుకే. దస్తావేజులో 40 అడుగుల బాట అని ఉంటుంది, కొలిస్తే 27 వస్తుంది, మిగతాది పక్కాయన కడీలు పాతి కలిపేసుకుని ఉంటాడు. వాళ్లు వచ్చేలోపే మీరు కొలిచి, తక్కువుంటే పక్క పట్టాదారుతో మాట్లాడి రోడ్డుకు జాగా రాయించుకోండి. చుట్టుపక్కల ఇప్పటికే ఇళ్లు, పాఠశాల, పెట్రోల్ బంకు ఉంటే తేదీ పడే ఫొటోలు పెట్టండి. చుట్టూ పచ్చటి పొలాలుండి మీది మాత్రమే మార్చమంటే ఎందుకు మార్చాలన్న ప్రశ్న వస్తుంది, దానికి జవాబు రాసిపెట్టుకోండి.

అభ్యంతరాల 15 రోజుల్లో వచ్చే ఉత్తరాలను శత్రువుల పనిగా చూడకండి. నేను చూసినవాటిలో ఎక్కువ భాగం రెండే రకాలు: "మా చేనుకు పోయే బండ్లబాట మూస్తున్నరు", "వాననీళ్లు మా మీదికి మళ్లిస్తున్నరు". రెండూ నిజమయ్యే అవకాశం ఉన్నవే. బాట ప్లానులో చూపించి, వాననీటి కాలువ డిజైను గీయించి రాతపూర్వకంగా జవాబిస్తే చాలావరకు అక్కడే సర్దుకుంటాయి. అదే కాగితం రేపు పర్యావరణ కమిటీ ముందు కూడా పనికొస్తుంది.

నాలా గురించి రెండు ముక్కలు. 2006 చట్టం కింద జీహెచ్ఎంసీ బయట ఫీజు భూమి మూల విలువలో 3 శాతం. కోటి రూపాయల మూల విలువకు 3 లక్షలు. చెప్పకుండా సాగు ఆపి వేరే పనికి వాడితే ఫీజు మీద మరో 50 శాతం జరిమానా. 2025 ఏప్రిల్ నుంచి ధరణి పోయి భూభారతి వచ్చింది, అప్లికేషన్ దాంట్లోనే. జోన్ చూడకుండా ఈ డబ్బు కట్టొద్దు.

మీకు పర్యావరణ అనుమతి కావాలా? ముందు లెక్క వేయండి

2006 సెప్టెంబర్ 14 నాటి పర్యావరణ ప్రభావ మదింపు (ఈఐఏ) నోటిఫికేషన్‌లో 8(ఎ) కింద 20,000 చదరపు మీటర్ల నుంచి 1,50,000 లోపు బిల్టప్ ఏరియా ఉన్న భవనాలకు ముందస్తు అనుమతి తప్పనిసరి. దాన్ని దాటినా, 50 హెక్టార్లు, అంతకు మించిన టౌన్‌షిప్ అయినా 8(బి). 20,000 చదరపు మీటర్లంటే దాదాపు 2 లక్షల 15 వేల చదరపుటడుగులు.

ఇప్పుడు మన ఉదాహరణ. 160 ఫ్లాట్లను 115తో గుణిస్తే 18,400. "ఇరవై వేల లోపే కదా సార్" అంటారు. కాదు. నోటిఫికేషన్‌లో బిల్టప్ ఏరియా అంటే అన్ని అంతస్తుల్లో పైకప్పు కింద ఉన్నదంతా, సెల్లార్లు, సర్వీసు ఏరియాలతో సహా. కార్లు నిలిపే స్టిల్ట్ దాదాపు 3,700. మొత్తం 22,100. గీత దాటేశాం. భవన అనుమతి ఫీజుకు వేసుకున్న లెక్క వేరు, ఈ లెక్క వేరు. అమ్మే విస్తీర్ణాన్ని పట్టుకుని వేసిన లెక్కతో పని మొదలుపెట్టి, మధ్యలో నోటీసు అందుకున్నవాళ్లున్నారు.

తర్వాత వచ్చే ఆలోచన కూడా నాకు తెలుసు: రెండు బ్లాకులు రెండు పేర్ల మీద పెడితే? ఒకే గేటు, ఒకే లోపలి రోడ్డు, ఒకే మురుగు శుద్ధి ప్లాంటు ఉంటే కమిటీ దాన్ని ఒకే ప్రాజెక్టుగా చూస్తుంది. ఈ తెలివి చూపించబోయి సంపాదించేది అనుమానమే.

కాలేజీ, హాస్టల్ కట్టేవాళ్లు ఇంకోటి గమనించాలి. 2025 జనవరి 29న కేంద్రం విద్యాసంస్థలు, పారిశ్రామిక షెడ్ల వంటివాటికి మినహాయింపు ఇచ్చింది. అదే ఏడాది ఆగస్టు 5న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. పాత వాట్సాప్ ఫార్వర్డు చూసి "మాకు అవసరం లేదట" అనుకోవద్దు.

ఇక అసలు నిషేధం: అనుమతి చేతికి రాకముందు నిర్మాణమే కాదు, స్థలం చదును చేయడం, తవ్వడం కూడా కుదరదు. ఫెన్సింగ్ వేసుకోవచ్చు, వాచ్‌మన్‌కు తాత్కాలిక షెడ్డు వేసుకోవచ్చు. "మంచి ముహూర్తం ఉంది, పునాది ఒక మూల తీస్తాం" అంటే కొబ్బరికాయ కొట్టి పూజ చేసుకోండి, జేసీబీని మాత్రం రానీయకండి.

దరఖాస్తు నుంచి కమిటీ గది దాకా

దరఖాస్తు కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో. మనలాంటి 8(ఎ) ప్రాజెక్టును రాష్ట్రస్థాయి సంస్థ చూస్తుంది. సియాక్ అనే నిపుణుల కమిటీ పరిశీలించి సిఫారసు చేస్తుంది, సియా అనే ఆ సంస్థ అనుమతి ఇస్తుంది. ఫారం 1, ఫారం 1ఏ, కాన్సెప్టువల్ ప్లాన్ ప్రధానం. ఈ రకం ప్రాజెక్టులకు ప్రజాభిప్రాయ సేకరణ ఉండదు. నోటిఫికేషన్ ప్రకారం పరిశీలనకు 60 రోజులు, ఆ తర్వాత నిర్ణయానికి 45 రోజులు, మొత్తం 105. కాగితాల్లో లోపముంటే వివరణ అడుగుతారు, మీరు జవాబిచ్చే దాకా ఆ ఫైలు కదలదు.

కన్సల్టెంట్లకు గుర్తింపునిచ్చే నాబెట్ ఆమోదం ఉన్న కన్సల్టెంటునే పెట్టుకోండి. అయినా రిపోర్టు మొత్తం మీరు చదవండి. ఒకసారి మా ఫైలుకు వేరే కన్సల్టెంటు తయారుచేసిన రిపోర్టులో "సముద్రపు గాలి ప్రభావం స్వల్పం" అని ఉంది. ఏదో తీరప్రాంతం రిపోర్టును కాపీ కొట్టి పేరు మార్చారు. ఒక సభ్యుడు పెన్ను కింద పెట్టి, "పాలమూరులో సముద్రం ఎప్పుడొచ్చింది?" అన్నారు. గదిలో నవ్వులు, మాకు చెమటలు. ఆ రోజు నుంచి ప్రతి పేజీ చదవకుండా సంతకం పెట్టను.

కమిటీ ఎక్కువగా తవ్వేది నీటి గురించే. మన 160 ఫ్లాట్లకు ఇంటికి అయిదుగురు చొప్పున 800 మంది. మనిషికి రోజుకు 135 లీటర్లు, అంటే 1,08,000 లీటర్లు. ఇందులో 45 లీటర్లు ఫ్లష్‌కు, అవి శుద్ధి చేసిన నీళ్లతో సరిపెట్టొచ్చు. అంటే మంచినీరు 72,000, ఫ్లష్ 36,000. వాడిన మంచినీటిలో 80 శాతం, ఫ్లష్ నీళ్లు మొత్తం మురుగుగా వస్తాయనుకుంటే దాదాపు 94,000 లీటర్లు. కాబట్టి శుద్ధి ప్లాంటు 1,10,000 లీటర్ల సామర్థ్యానికి తగ్గకుండా ఉండాలి. ఈ అంకెలు ప్లానులో ఒకటి, ఫారంలో ఒకటి, ప్రెజెంటేషన్‌లో ఒకటి ఉంటే మీ పని అయిపోయినట్టే. ఒక తెల్ల కాగితం మీద ముందు ఈ లెక్క వేసి, అన్నిచోట్లా అదే రాయించండి.

ఆ నీళ్లు ఎక్కడి నుంచి? "బోరు ఉంది" అంటే సరిపోదు. మున్సిపల్ సరఫరా ఇస్తామన్న లేఖ కావాలి. బోరు వేయాలంటే నీరు, భూమి, చెట్ల చట్టం (వాల్టా) కింద అనుమతి, భూగర్భజల శాఖ అభిప్రాయం కావాలి. నల్లగొండ జిల్లాలో, మర్రిగూడ వైపు ముఖ్యంగా, ఫ్లోరైడ్ గురించి చెప్పాల్సిన పనిలేదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీరు తాగడానికి పనికిరాదు. ల్యాబు రిపోర్టు జతచేసి, తాగునీటికి మిషన్ భగీరథ, మిగతాదానికి బోరు అని విడగొట్టి చూపించండి. మిగిలిన శుద్ధి నీరు ఎక్కడికి పోతుందనే ప్రశ్న కూడా వస్తుంది. మన ఊళ్లలో చాలాచోట్ల భూగర్భ డ్రైనేజీ లేదు, "మున్సిపల్ డ్రైన్‌లోకి" అని రాసే ముందు ఆ డ్రైను మీ గేటు ముందు ఉందో లేదో చూడండి. అది చివరికి ఏ చెరువులో కలుస్తుందో కూడా తెలుసుకోండి.

చెట్ల లెక్క సులువు. అనుమతుల్లో మామూలుగా పెట్టే షరతు 80 చదరపు మీటర్ల స్థలానికి ఒక చెట్టు. మనకు 127. వేప, కానుగ, రావి పెట్టండి, ఈ ఎండలకు తట్టుకునేవి అవే. ఉన్న చెట్టు కొట్టాలంటే అటవీ శాఖ ద్వారా వాల్టా అనుమతి వేరే. తవ్విన మొరం బయటికి తోలాలంటే గనుల శాఖ అనుమతి ఇంకోటి. లారీని ఆపేది ఎప్పుడూ దీనికే.

భవన అనుమతి, మిగతావి

ఇవి త్వరగా చెప్పేస్తాను. ప్లాను ఆన్‌లైన్‌లోనే, ఇదివరకు టీఎస్‌బీపాస్ పోర్టల్, ఇప్పుడు బిల్డ్‌నౌ. 500 చదరపు మీటర్లు దాటిన స్థలానికి 2020 చట్టం ప్రకారం 21 రోజుల సింగిల్ విండో. బిల్టప్ ఏరియాలో 10 శాతం స్థానిక సంస్థకు తనఖా పెట్టాలి. నివాస భవనం ఎత్తు 18 మీటర్లు, అంతకు మించితే హైరైజ్: కనీసం 2,000 చదరపు మీటర్ల స్థలం, 12 మీటర్ల రోడ్డు, అగ్నిమాపక శాఖ ఎన్‌ఓసీ. మన అయిదంతస్తులు ఆ గీత కిందే ఉంచుకోవడం మంచిది.

500 చదరపు మీటర్లు లేదా 8 ఫ్లాట్లు దాటితే రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ లేకుండా బుకింగు తీసుకోకూడదు, ఫ్లెక్సీ కూడా కట్టకూడదు. జరిమానా ప్రాజెక్టు ఖర్చులో 10 శాతం దాకా పోతుంది. ప్రీలాంచ్ పేరుతో ముందే డబ్బులు వసూలు చేసేవాళ్ల మాటలు ఈ విషయంలో వినకండి. కాలుష్య నియంత్రణ మండలి దగ్గర కట్టడానికి ముందు సీఎఫ్ఈ, జనం చేరే ముందు సీఎఫ్ఓ అని రెండు సమ్మతి పత్రాలున్నాయి. పర్యావరణ అనుమతి ఉన్నవాళ్లకు సీఎఫ్ఈ విషయంలో 2024 నవంబర్‌లో కేంద్రం సడలింపు ఇచ్చింది, మీ ఫైలుకు వర్తిస్తుందో లేదో మండలి ప్రాంతీయ కార్యాలయంలో రాతపూర్వకంగా అడగండి.

అనుమతి చేతికొచ్చాక

7 రోజుల్లోగా రెండు స్థానిక పత్రికల్లో ప్రకటన వేయాలి, అందులో ఒకటి తెలుగులో. ఆ పేపరు కటింగులు దాచిపెట్టండి. అనుమతిని సవాలు చేయాలనుకునేవాళ్లు 30 రోజుల్లో చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ మండల బెంచికి పోవచ్చు. సరైన కారణముంటే ట్రిబ్యునల్ మరో 60 రోజుల దాకా వెసులుబాటు ఇస్తుంది.

ఏటా జూన్ 1, డిసెంబర్ 1 నాటికి షరతుల అమలు మీద రిపోర్టు పంపాలి. ఫ్లాట్లు అమ్ముడుపోగానే బిల్డర్లు దీన్ని మర్చిపోతారు. శుద్ధి ప్లాంటు కరెంటు బిల్లు ఎవరు కట్టాలన్న గొడవ అసోసియేషన్‌లో మొదలై, మోటారు ఆగి, వాసన మొదలయ్యాక అందరూ మళ్లీ మా దగ్గరికే వస్తారు. అందుకే అసోసియేషన్‌కు అప్పగించే రోజున తాళంచెవులతోపాటు అనుమతి పత్రం కాపీ, ప్లాంటు లాగ్‌బుక్, చివరి ఆరు నెలల నీటి పరీక్ష రిపోర్టులు ఇచ్చి, అందుకున్నట్టు ఒక్కోదానికీ సంతకం తీసుకోండి.